థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ తగ్గడం లేదా?

ఎంత పడుకున్నా తీరని నీరసం, అందరికన్నా ఎక్కువ చలి, మలబద్ధకం, జుట్టు రాలడం, తిండి పెరగకపోయినా బరువు పెరగడం. ఇవి కలిసి కనిపిస్తే థైరాయిడ్ పరీక్ష తప్పక చేయించుకోవాలి.

సమస్య: టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోన్) తక్కువ

టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. టీఎస్‌హెచ్‌ను విడుదల చేసేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. హార్మోన్ తయారుచేయమని మెడలోని థైరాయిడ్‌కు అది పంపే ఆదేశం ఇది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్లయిన టీ4, టీ3 సరిపడా ఉంటే పిట్యూటరీ ఆదేశం తగ్గిస్తుంది, చాలకపోతే పెంచుతూ పోతుంది. అంటే టీఎస్‌హెచ్ పెరగడం థైరాయిడ్ వెనకబడిందనడానికి గుర్తు. మన రోగనిరోధక వ్యవస్థే ఆ గ్రంథిని దెబ్బతీయడం (హషిమోటో వ్యాధి) దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి.

పరిష్కారం: తగ్గిన టీ4 స్థానంలో లెవోథైరాక్సిన్ మాత్ర. మోతాదు డాక్టరే చెప్పాలి.

సమస్య: మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదు

మోతాదు చాలలేదని వెంటనే అనుకోవద్దు. మందు ఒంటికి పడుతోందా లేదా అన్నది ముందు చూడాలి. పొద్దున్నే మాత్ర, వెంటనే కాఫీ అలవాటు చాలా ఇళ్లలో ఉంది. కాఫీ వల్ల మందు పేగుల్లోంచి రక్తంలోకి సరిగా చేరదు. ఐరన్, కాల్షియం మాత్రలతో నష్టం ఇంకా ఎక్కువ. గర్భిణులకు ఈ రెండూ మామూలుగా రాస్తారు కాబట్టి వాళ్లు మరీ జాగ్రత్తపడాలి. గ్యాస్ మాత్రలు కొన్ని కూడా అడ్డుపడతాయి.

పరిష్కారం: పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, 30 నుంచి 60 నిమిషాలు ఆగాకే కాఫీ, టిఫిన్. ఐరన్, కాల్షియం మాత్రలకు కనీసం 4 గంటల తేడా. ఇలా మార్చుకున్నాక 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష. రక్తంలో టీ4 సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అందుకే పది రోజులకే పరీక్ష చేయిస్తే అసలు సంగతి తెలియదు.

సమస్య: టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ మాత్రం మామూలుగానే ఉంది

ఆదేశం ఇవ్వాల్సిన పిట్యూటరీలోనే లోపం ఉండొచ్చు. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే ఇది దొరకదు. తలనొప్పి, చూపు తగ్గడం తోడైతే ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి ఆలస్యం చేయకుండా వెళ్లండి.

మాత్ర వాడుతూ గర్భం వచ్చిందని తెలిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మోతాదు పెంచాల్సి రావచ్చు, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.