కూపర్ బ్లాక్‌తో మెనూ బోర్డు: నేను పడ్డ తిప్పలు

మా బాబాయి తన టిఫిన్ సెంటర్ బోర్డుకి పాతకాలం లుక్ కావాలన్నాడు. నేను కూపర్ బ్లాక్ ఫాంటు తీశాను. 1922లో షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ అనే డిజైనర్ పేరుతో వచ్చిన లావుపాటి అక్షరాలవి. అంచులన్నీ నూనెలో పొంగిన గారెల్లా గుండ్రంగా ఉంటాయి. ఈజీజెట్ విమానాల మీద పేరు కూడా దాంతోనే.

ఉత్సాహంలో మెనూ మొత్తం అందులోనే కొట్టేశాను. ప్రింటు తీస్తే చిన్నక్షరాల లోపలి సందులు పూడుకుపోయి, ధరల పట్టిక నల్లటి మరకలా వచ్చింది. పైగా అందులో తెలుగు లేదు కదా, కంప్యూటరు ఏదో సన్నని ఫాంటు తెచ్చి అతికించింది. పెసరట్టులో ట వత్తు విడిపోయి పక్కన కూర్చుంది!

చివరికి పైన పెద్దగా రాసే ఇంగ్లిష్ పేరుకే కూపర్ ఉంచి, అక్షరాల మధ్య ఎడం కాస్త తగ్గించాను. తెలుగు పేరుకి రామభద్ర ఫాంటు పెట్టాను, లావులో సరిజోడు. ధరలకు మామూలు నోటో సాన్స్ తెలుగు. వత్తు సంగతే రెండు రోజులు తినేసింది. ఫోటోషాప్ టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ (మన లిపుల్లో వత్తులు, గుడులు సరిగ్గా పేర్చే పద్ధతి) ఎంచుకోగానే కుదిరింది. వరుసల మధ్య జాగా పెంచాక వత్తులు కింది లైను గుడులకు తగలడం కూడా ఆగింది.

బాబాయి చూసి, "ఇడ్లీ ధర ఇంకొంచెం పెద్దగా పెట్టరా" అన్నాడు.