స్పోర్ట్స్ కారుకు వినైల్ ర్యాప్ వేయించాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఒక స్పోర్ట్స్ కారు ఆగిందంటే ఇప్పటికీ చుట్టూ ఫోన్లు పైకి లేస్తాయి. అది మెరుపు లేని మాట్ బూడిద రంగులోనో, సగం మెరుపుండే శాటిన్ నీలంలోనో ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అలాంటి రంగుల్లో చాలావరకు పెయింటు కాదు, వినైల్ ర్యాప్. పలచటి పీవీసీ ఫిల్మును కారు ఒంటికంతా అతికించి, మోజు తీరాక ఒలిచేసే పద్ధతి ఇది. వినడానికి బాగానే ఉంటుంది. అయితే దీని గురించి ప్రచారంలో ఉన్న లాభాలు చాలావరకు చల్లటి దేశాల లెక్కలు. మన దగ్గర ఎండ, ఉప్పుగాలి, హైవే మీద గ్రానైట్ లారీలు ఉన్నాయి. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు మన లెక్క మనం వేసుకోవాలి. దానికి ఈ వరుస పనికొస్తుంది.

మొదట: ఎందుకు వేయిస్తున్నారో తేల్చుకోండి

రంగు మార్చాలన్నదే కోరికైతే ముందుకు వెళ్లండి, ర్యాప్ పుట్టిందే అందుకు.

రాళ్ల దెబ్బల నుంచి కాపాడుకోవాలని అయితే మీకు కావలసింది వేరే. రంగు మార్చే వినైల్ ఫిల్ము మందం సుమారు 90 మైక్రాన్లు. పీపీఎఫ్ అనే రక్షణ ఫిల్ము పాలీయురెథేన్‌తో తయారవుతుంది, మందం 150 నుంచి 200 మైక్రాన్ల దాకా ఉంటుంది. మంచి రకం పీపీఎఫ్ మీద పడిన సన్నటి గీతలు ఎండ వేడికి వాటంతటవే మానిపోతాయి. వినైల్ మీద పడిన గీత మాత్రం అలాగే ఉండిపోతుంది, పాలిష్ పెట్టి తీయడానికీ వీలుండదు. టెక్కలి వైపు నుంచి గ్రానైట్ దిమ్మెలతో వచ్చే లారీ వెనక 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒక్క పూట నడిపితే చాలు, నేలకు ఆనుకున్నట్టుండే స్పోర్ట్స్ కారు ముందు భాగం ఎంత దెబ్బ తింటుందో అర్థమవుతుంది. అక్కడ వినైల్ పెద్దగా ఆదుకోదు.

ఇక మూడో కారణం, పాత పెయింటు మీది మచ్చలు కప్పడం. అదే మీ ఉద్దేశమైతే ఇక్కడే ఆగిపోండి. ఎందుకో కింద చెబుతాను.

పెయింటును పరీక్షించండి

ఫిల్ము అతుక్కునేది పెయింటుకు. ఆ పెయింటు ఎంత గట్టిదైతే ఫిల్ము అంత నిలుస్తుంది, ఒలిచే రోజున అంత శుభ్రంగా ఊడి వస్తుంది. కంపెనీ వేసిన పెయింటు చెక్కుచెదరకుండా ఉంటే బెంగ లేదు. చిక్కంతా ఎప్పుడో టింకరింగ్ చేయించి, లప్పం పెట్టి, మళ్లీ రంగు కొట్టిన భాగాలతోనే. ఒలిచేటప్పుడు అక్కడి రంగు కూడా ఫిల్ముతో పాటు లేచి వచ్చే ప్రమాదం ఉంది. ఆ నష్టం ర్యాప్ ఖర్చుకు అదనం, దానికి ఏ షాపువాడూ బాధ్యత తీసుకోడు.

హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న కారైతే పాత యజమాని మాట మీద ఆధారపడకండి. పెయింటు మందం కొలిచే మీటరు ఉన్నవారిని పిలిచి ప్రతి భాగం మీద నాలుగైదు చోట్ల పెట్టించండి. కంపెనీ పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక డోరు మీద 120 చూపిన మీటరు పక్క ఫెండరు మీద 300 చూపిందంటే ఆ ఫెండరుకు ఏదో చరిత్ర ఉన్నట్టే. ప్లాస్టిక్ బంపర్ల మీద, కార్బన్ ఫైబర్ మీద ఈ మీటరు అక్కరకు రాదు. అక్కడ కంటినే నమ్ముకోవాలి. రబ్బరు బీడింగు అంచున పెయింటు తుంపర కనిపిస్తుందేమో, రెండు భాగాలు కలిసేచోట రంగులో తేడా ఉందేమో పగటి వెలుతురులో చూడండి.

ఈ మధ్యే పెయింటు వేయించారా? కనీసం నెల రోజులు ఆగండి. పైకి ఆరినట్టు కనిపించినా లోపలి ద్రావకాలు ఇంకా ఆవిరవుతూనే ఉంటాయి. పైన ఫిల్ము వేసి దారి మూసేస్తే బుడగలు లేస్తాయి.

రాయి తగిలి పెయింటు లేచిన చోట్ల సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. ఫిల్ము పలచన కాబట్టి కింద ఉన్న గుంట, గరుకు పైకి అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి. అంతకంటే పెద్ద బాధ తుప్పుది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. కళింగపట్నమో, బారువో, విజయనగరం వైపు చింతపల్లి బీచో, ఎటు తిప్పినా ఉప్పు తడి తగులుతుంది. ఇనుము బయటపడిన చోట ఫిల్ము కప్పేస్తే కింద తుప్పు మీకు తెలియకుండా పాకుతుంది. మచ్చలు కప్పడానికి ర్యాప్ వద్దని అన్నది ఇందుకే. ముందు తుప్పు గీకించి, సరిచేయించి, ఆరనిచ్చి, ఆ తర్వాతే ఫిల్ము మాట ఎత్తాలి.

కారు ఎక్కడ నిలుపుతారు?

నా దృష్టిలో సగం తీర్పు ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. సూర్యుడికి అరసవల్లిలో గుడి కట్టుకున్న ప్రాంతం మనది, ఎండ గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ర్యాప్‌ను ఎక్కువగా తినేసేది ఆ ఎండే, అదీ ఆకాశం వైపు చూసే భాగాల మీద. బానెట్, పైకప్పు, డిక్కీ మూతలకు ఫిల్ము కంపెనీలు ఇచ్చే వారంటీ పక్క భాగాలకు ఇచ్చేదానికంటే తక్కువ ఉంటుంది. వేడి ప్రాంతాలకైతే ఇంకా తగ్గిస్తారు. ‘ఏడేళ్లు గ్యారంటీ’ అన్న మాట విన్నప్పుడు వారంటీ కాగితం తెప్పించి, అడ్డంగా పరుచుకునే భాగాలకు ఎంత రాశారో చదవండి. డోర్లు ఐదేళ్లు నిగనిగలాడినా, పగలంతా ఎండలో ఉండే కారుకు పైకప్పు రెండు మూడేళ్లకే వెలవెలబోవచ్చు.

ఇంట్లో మూసి ఉండే గ్యారేజీ గానీ, అపార్ట్‌మెంట్ సెల్లారు గానీ ఉంటే ర్యాప్ బతుకుతుంది. మామిడి చెట్టు నీడలో నిలుపుతారంటే ఎండ బాధ తగ్గి జిగురు బాధ, పక్షుల రెట్టల బాధ మొదలవుతాయి. రెట్టలో ఆమ్ల గుణం ఉంటుంది, ఎండలో ఎండనిస్తే మచ్చ మిగులుతుంది. రోజంతా ఆరుబయట నిలపడం తప్ప దారి లేకపోతే మొత్తం ర్యాప్ వద్దనే అంటాను. గుడ్డ కవరు కప్పితే సరిపోదా అని అడుగుతారు. దుమ్ము పట్టిన కారు మీద కవరు లాగిన ప్రతిసారీ ఫిల్ము మీద సన్నటి గీతలు పడతాయి, మాట్ ఫిల్ము మీదైతే మరీ.

ఇంజిన్ వేడిని కూడా లెక్కలోకి తీసుకోండి. ముస్టాంగ్ లాంటి ముందు ఇంజిన్ కారుకు బానెట్ మీద, పోర్షే 718 లాంటి మధ్య ఇంజిన్ కారుకు వెనక మూత మీద లోపలి వేడి, పైన ఎండ కలుస్తాయి. సైలెన్సరు గొట్టాల చుట్టూ ఫిల్ము అంచులు ముందుగా లేస్తాయి.

ఫిల్ము ఎంచుకోవడం

ఫిల్ముల్లో కాస్ట్, క్యాలెండర్డ్ అని రెండు జాతులు ఉన్నాయి. కాస్ట్ ఫిల్మును ద్రవంగా పోసి ఆరబెడతారు. అందువల్ల దానిలో బిగువు ఉండదు, వంపుల్లోకి ఒదిగి అక్కడే నిలబడుతుంది. క్యాలెండర్డ్ ఫిల్మును రోలర్ల మధ్య నొక్కి సాగదీస్తారు. వేడి తగిలితే అది తన పాత రూపానికి ముడుచుకోవాలని చూస్తుంది. వెడల్పాటి వెనక భుజాలు, లోతైన గాలి రంధ్రాలు ఉండే స్పోర్ట్స్ కారుకు కాస్ట్ తప్ప ఇంకేదీ ఒప్పుకోకండి. బోర్డులకు, వ్యానులకు వాడే చవక ఫిల్ము మన ఎండలో మొదటి వేసవికే అంచుల దగ్గర ముడుచుకుపోతుంది. 3ఎం 2080, ఏవరీ డెనిసన్ సుప్రీమ్ ర్యాపింగ్ ఫిల్మ్, ఒరాకల్ 970 కాస్ట్ రకాలే. రోలు పెట్టె మీద పేరు, బ్యాచ్ నంబరు మీ కళ్లతో చూడండి. కారు మొత్తానికీ ఒకే బ్యాచ్ వాడించండి.

రంగు విషయంలో ఒక మాట. డోరు తెరిస్తే లోపలి అంచుల్లో పాత రంగే కనిపిస్తుంది, అక్కడ సాధారణంగా ఫిల్ము వేయరు. ఎర్ర కారుకు ఆకుపచ్చ ర్యాప్ వేస్తే డోరు తీసిన ప్రతిసారీ గుట్టు బయటపడుతుంది. అద్దంలా మెరిసే క్రోమ్ ఫిల్ము అతికించడం కష్టం, గీతలు దాచదు, లోహపు పొర ఉన్న ఫిల్ము బంపరు వెనక ఉండే రాడారుకు అడ్డు తగలవచ్చు. నన్నడిగితే శాటిన్ మేలు. వేలిముద్రలు మాట్ మీద కనిపించినంత కనిపించవు, సన్నటి గీతలు నిగనిగలాడే గ్లాసీ రకం మీద మెరిసినంత మెరవవు.

ఆర్సీ, బీమా

కారు రంగు ఆర్సీలో నమోదై ఉంటుంది. ఆర్సీలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ చెబుతుంది. ఊడదీసే ఫిల్మే కదా అన్న వాదన రోడ్డు మీద తనిఖీలో నెగ్గుతుందని నమ్మకం పెట్టుకోకండి. పని మొదలుపెట్టే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, రంగు మార్పు నమోదు చేయించుకోండి. సైనిక వాహనాల ఆలివ్ గ్రీన్ రంగు జోలికి అసలు వెళ్లకండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 121వ నిబంధన ప్రకారం ఆ రంగు పౌరుల వాహనాలకు నిషిద్ధం. ఇంత స్పష్టంగా ఉన్నా మాట్ మిలిటరీ గ్రీన్ కావాలని అడిగేవారికి కొదవ లేదు. హెడ్‌లైట్లు, నంబరు ప్లేటు మీద ఫిల్ము వద్దు. అద్దాలకు నల్ల ఫిల్ములు వాడకూడదని సుప్రీంకోర్టు 2012లోనే తీర్పు ఇచ్చింది.

బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. తెలియజేయని ర్యాప్ ఖర్చును ప్రమాదం తర్వాత క్లెయిములో కలపమంటే ఒప్పుకోరు.

షాపును పరీక్షించండి

స్పోర్ట్స్ కారు స్థాయి పని కోసం విశాఖపట్నం వెళ్లవలసి రావచ్చు. విజయనగరం నుంచి అది సుమారు 60 కిలోమీటర్లే కాబట్టి అదొక పెద్ద అడ్డంకి కాదు. కొత్తగా చేసిన కారును చూపించి మెప్పించాలని చూస్తారు. అది కాదు, రెండు వేసవులు గడిచిన కారు చూపించమనండి. బంపరు మూలలు, డోరు హ్యాండిళ్ల చుట్టూ, చక్రాల పైన ఉండే అంచులు తడిమి చూడండి. అక్కడ ఫిల్ము లేవకుండా ఉందంటే పనివాడు సాగదీసిన చోట్ల చివర్లో మళ్లీ వేడి పెట్టి స్థిరపరిచాడన్నమాట. కాస్ట్ ఫిల్ముకు ఆ చివరి వేడి 100 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, దాన్ని చేతి అంచనాతో వదిలేయకుండా కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు షాపులో ఉందో లేదో చూడండి.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న: ఫిల్మును కారు మీద పెట్టే బ్లేడుతో కోస్తారా? బ్లేడు చేయి జారితే పెయింటు పైన ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు, తెగుతుంది. ఫిల్ము ఒలిచే వరకు ఆ గాటు మీకు తెలియదు. బ్లేడుకు బదులు, లోపలి తీగను లాగితే ఫిల్మును కోసే టేపు వాడేవారు ఉంటారు, వారిని వెతకండి. బంపరు గుంటల్లో ఒకే ముక్కను బలవంతంగా సాగదీయకుండా విడి ముక్క వేస్తామని చెబితే అతనికి పని తెలుసు. అద్దాలు, హ్యాండిళ్లు, లైట్లు విప్పి చేస్తారా, విప్పకుండా అంచుల్లో దోపేస్తారా అన్నది కూడా ధరను, మన్నికను మార్చేస్తుంది. పని దుమ్ము లేని మూసిన గదిలో, వీలైతే ఏసీలో జరగాలి. వేడిలో జిగురు మరీ త్వరగా పట్టేసి సరిదిద్దుకునే వీలు లేకుండా పోతుంది. అందుకే మన ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

డబ్బు లెక్క

పెయింటు కంటే ర్యాప్ చవక అన్న మాట విదేశాల్లో కూలి రేట్లను బట్టి పుట్టింది. మన ఊళ్లో షెడ్డులో వేసే పెయింటు మంచి కాస్ట్ ఫిల్ము కంటే తక్కువలోనే అయిపోవచ్చు. కానీ స్పోర్ట్స్ కారుకు కంపెనీ పెయింటును చెరిపేసి షెడ్డు పెయింటు వేయడం అమ్మేటప్పుడు దెబ్బ కొడుతుంది, ర్యాప్ కింద అసలు పెయింటు పదిలంగా ఉంటుంది. ర్యాప్ అసలు లాభం ఇదే.

ధర అడిగేటప్పుడు ఎన్ని మీటర్ల ఫిల్ము, ఏ రకం, విప్పి బిగించే కూలి ఎంత, మూడేళ్ల తర్వాత ఒలవడానికి ఎంత అని విడివిడిగా రాయించుకోండి. రోలు వెడల్పు 1.52 మీటర్లు ఉంటుంది. ముస్టాంగ్ అంత కారుకు సుమారు 18 నుంచి 20 మీటర్లు పడుతుంది. మిగిలిన ముక్కలు మీరే తెచ్చుకోండి, తర్వాత ఒక డోరు గీసుకుపోతే అదే బ్యాచ్ ఫిల్ము ఉపయోగపడుతుంది. మొత్తం ఖర్చును ఏడేళ్లతో కాకుండా మూడేళ్లతో భాగించండి. ఏడాదికి వచ్చిన అంకె చూసి కూడా మనసు మారకపోతే వేయించండి. మారితే ముందు వైపు బంపరుకు, బానెట్‌కు పారదర్శకమైన పీపీఎఫ్ వేయించి ఊరుకోవడం తెలివైన పని. చారలు, సగం ర్యాప్ లాంటివి చవకగా కనిపిస్తాయి గానీ, ఏళ్ల తర్వాత ఒలిస్తే కప్పి ఉన్న చోటికీ ఎండ తగిలిన చోటికీ రంగు తేడా వస్తుంది. ఎరుపు కార్లలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వేయించాక

మొదటి వారం కడగవద్దు. తర్వాత చేత్తో, మెత్తటి గుడ్డతో కడగండి. బ్రష్షులు తిరిగే యంత్రాల దగ్గరికి తీసుకెళ్లకండి. నీటి గన్నును కనీసం అడుగు దూరంలో పట్టుకోవాలి, అంచుల మీదికి వాలుగా కొట్టకూడదు. పెట్రోలు చుక్కలు పడితే వెంటనే తుడవాలి. మాట్ ఫిల్ముకు మైనం, పాలిష్ తగలకూడదు.

పూజ సంగతి ఏ షాపూ చెప్పదు. పైడితల్లి అమ్మవారి గుడి దగ్గరో, అరసవల్లిలోనో, దసరాకు ఇంట్లోనో కారు పూజ తప్పదు కదా. వంటింటి ప్లాస్టిక్ డబ్బాకు పట్టిన పసుపు ఎంత మొండిదో, లేత రంగు ఫిల్ముకు పట్టిన పసుపూ అంతే. స్వస్తిక్ అద్దం మీద వేయించండి, దండను తీగతో కాకుండా నూలు దారంతో కట్టించండి, కర్పూర హారతిని బంపరుకు దూరంగా ఉంచమని పూజారి గారికి ముందే చెప్పండి. కుంకుమ కారు ఒంటి మీద పడితే ఆ సాయంత్రమే కడిగేయండి.

పైకప్పు రంగు వెలిసినట్టు, వేలితో రుద్దితే సుద్దలా పొడి అంటుతున్నట్టు కనిపిస్తే ఒలిపించే సమయం వచ్చినట్టే. ఇంకో ఏడాది లాగుదామని ఆగితే ఫిల్ము పెళుసెక్కి గోరంత ముక్కలుగా ఊడుతుంది, జిగురు పెయింటు మీదే ఉండిపోతుంది. ఒక్క రోజులో అయ్యే పని వారం పడుతుంది, ఆ కూలి కూడా మీదే.