కుక్కతో ట్రెయిల్ ఎక్కే ముందు: సియాటిల్ వేసవికి కొన్ని జాగ్రత్తలు

జులై వచ్చిందంటే ఐ-90 హైవే పొడవునా ట్రెయిల్‌హెడ్ (కొండబాట మొదలయ్యే చోటు) పార్కింగ్‌లు పొద్దున్నే నిండిపోతాయి. మంచు కరిగి పై కొండల దారులు తెరుచుకునేది ఇప్పుడే, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండేదీ ఇప్పుడే. పైగా బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వైపు మనవాళ్ల ఇళ్లలో కుక్కలు బాగా పెరిగాయి. డూడుల్ (పూడుల్ కలిసిన బొచ్చుకుక్క) లేని వీధి వెతుక్కోవాలి. కుక్కని కన్నబిడ్డలా చూసుకునేవాళ్లూ, కుక్క కనబడితే రోడ్డు దాటి అవతలికి పోయే అలవాటు ఉన్నవాళ్లూ ఒకే సన్నటి బాటలో ఎదురెదురు పడే సీజన్ ఇది.

మీ కుక్క ఎంత మంచిదో మీకు తెలుసు. ఎదురొచ్చే మనిషికి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. వాళ్లు భయపడి తప్పుకునే లోపు మీరే తప్పుకోవాలి. నేను చెప్పే జాగ్రత్తలు చాలావరకు దీన్నించి వచ్చేవే.

ముందుగా, బయల్దేరే ముందు రాత్రే చూసుకోవాల్సిన విషయం ఒకటుంది. అసలు అక్కడికి కుక్కని రానిస్తారా? మౌంట్ రెయినియర్ నేషనల్ పార్క్‌లో కుక్కలకి పార్కింగ్ లాట్లు, క్యాంప్‌గ్రౌండ్లు, బండ్లు తిరిగే రోడ్ల వరకే అనుమతి. ట్రెయిళ్ల మీద గానీ, పూలు పూసే మైదానాల్లో గానీ, మంచు మీద గానీ కుదరదు. పార్కులోంచి పోయే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ అనే పొడవాటి బాట ముక్క ఒక్కటే మినహాయింపు. ఇది తెలియక రెండు గంటలకు పైగా డ్రైవ్ చేసి ఆ పార్కులోని పారడైజ్ అనే చోటికి చేరాక, బోర్డు చూసి ఆగిపోయే కుటుంబాలు ప్రతి వేసవిలోనూ కనిపిస్తాయి. అప్పుడిక ఎవరో ఒకరు కుక్క దగ్గర కాపలా ఉండాలి. ఆ డ్యూటీ సాధారణంగా అల్లుడి మీద పడుతుంది.

కారు అద్దాలు కాస్త దించి కుక్కని లోపల వదిలి వెళ్దామన్న ఆలోచన మాత్రం వద్దు. బయట 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా కారు లోపల పది నిమిషాల్లో 89 అవుతుంది, అరగంటలో 104. అద్దం రెండంగుళాలు దించినంత మాత్రాన పెద్ద తేడా రాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో అలా ఎండకి వదిలేయడం చట్టప్రకారం తప్పు కూడా. లెవెన్‌వర్త్ దగ్గర ఎన్‌చాంట్‌మెంట్స్‌లోనూ కుక్కలకి ప్రవేశం లేదు, అది కొండమేకలు తిరిగే చోటు. ఒలింపిక్ నేషనల్ పార్క్ కొంచెం నయం. కలాలాక్ బీచ్‌లు, స్ప్రూస్ రైల్‌రోడ్ ట్రెయిల్ లాంటి కొన్ని చోట్లకి రానిస్తారు. ఏ పార్కైనా దాని సొంత వెబ్‌సైట్‌లో పెంపుడు జంతువుల పేజీ చూడండి. ఎవరో పెట్టిన ఫొటోలో కుక్క ఉందంటే అది అనుమతి ఉన్నట్టు కాదు.

ఇక లీష్, అంటే కుక్కని పట్టుకునే తాడు. నేషనల్ పార్కుల్లో ఆరడుగులు, వాషింగ్టన్ స్టేట్ పార్కుల్లో ఎనిమిది అడుగులు మించకూడదు. రాటిల్‌స్నేక్ లెడ్జ్, కూగర్ మౌంటెన్ లాంటి జనం తిరిగే చోట్లన్నిటా లీష్ తప్పనిసరి. బటన్ నొక్కితే పదహారడుగులు సాగే లీష్ ఇంటి దగ్గరే ఉంచండి. ఆ సన్నటి తాడు మలుపు దగ్గర కనబడదు, ఎవరి కాలికైనా చుట్టుకుంటే చర్మం కోసేస్తుంది. నడుముకి కట్టుకునే లీష్ ఎక్కేటప్పుడు హాయిగానే ఉంటుంది. దిగేటప్పుడు మాత్రం చేతిలోకి తీసుకోండి, ఉడత వెంట కుక్క ఒక్క లాగు లాగితే మీరు కిందుంటారు.

"మావాడు పిలిస్తే వచ్చేస్తాడండీ" అంటారు కొందరు. ఇంట్లో వస్తాడు, పెరట్లో వస్తాడు. పొదలోంచి లేడి దూకినప్పుడు వస్తాడా అన్నదే అసలు పరీక్ష. ఈ కొండల్లో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, కూగర్లు (కొండసింహాలు) ఉన్నాయి. వదిలేసిన కుక్క ఎలుగుని రెచ్చగొట్టి, బెదిరిపోయి, తిన్నగా మీ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. వెనకాలే అదీ వస్తుంది. స్వేచ్ఛగా పరిగెత్తించాలనుంటే రెడ్‌మండ్‌లో మేరీమూర్ పార్కు ఉంది. అందులో కుక్కల కోసమే 40 ఎకరాలు వదిలారు, పక్కనే నది కూడాను.

ఇప్పుడు ఎదురుపడే సంగతి. రాటిల్‌స్నేక్ లెడ్జ్‌నే తీసుకుందాం. (పేరు చూసి కంగారు పడకండి, క్యాస్కేడ్స్‌కి ఇటువైపు రాటిల్‌స్నేక్‌లు లేవు.) రానూ పోనూ నాలుగైదు మైళ్లు, ఎక్కేది వెయ్యి అడుగుల పైచిల్లర. అందుకే చుట్టాలొస్తే మనవాళ్లందరూ తీసుకెళ్లేది ఇక్కడికే. శనివారం పది గంటలప్పుడు మలుపు తిరిగేసరికి ఎదురుగా చీర మీద స్నీకర్లు వేసుకున్న పెద్దావిడ కనిపిస్తుంది. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో మనవడి చెయ్యి. మీ లాబ్రడార్‌ని చూడగానే ఆవిడ ఆగిపోతుంది. మనవణ్ణి వెనక్కి లాక్కుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో చాలామంది నవ్వుతూ అనే మాట "ఏం చెయ్యదండీ, చాలా ఫ్రెండ్లీ" అని. అంటూనే ముందుకు నడుస్తారు, కుక్క తోక ఊపుతూ ఇంకా ముందుకు లాగుతుంది. ఆవిడ లోయ వైపు ఒకడుగు వెనక్కి వేస్తుంది. ప్రమాదమంతా ఆ ఒక్క అడుగులో ఉంది.

చేయాల్సింది ఇది. మనిషి కనబడగానే, అంటే ఇరవై ముప్పై అడుగుల దూరంలో ఉండగానే, లీష్ మణికట్టుకి ఒక చుట్టు చుట్టకుండా అరచేతిలో మడిచి పొట్టి చేయండి. చుట్టుకుంటే కుక్క లాగినప్పుడు మణికట్టు పోతుంది. బాట వెడల్పున్న చోటు చూసి మొక్కలు తొక్కకుండా పక్కకి జరగండి. కుక్కకీ వాళ్లకీ మధ్య మీరు నిలబడండి. కుక్కని కూర్చోబెట్టి, జేబులో ఉన్న బిస్కెట్ ముక్క దాని ముక్కు దగ్గర పెట్టండి. అప్పుడు "మీరు వెళ్లండమ్మా, పట్టుకున్నాను" అనండి. లోయ వైపు మీరుండాలి, వాళ్లకి కొండ వైపు వదలాలి. ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు దారివ్వడం ఇక్కడి పద్ధతి. కుక్క ఉంటే మాత్రం ఎక్కుతున్నా దిగుతున్నా మీరే ఆగండి. ఊపిరి తీసుకోవడానికి మీకూ ఒక వంక దొరుకుతుంది.

ఆవిడ భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచంలో రేబిస్‌తో పోయేవాళ్లలో మూడో వంతుకు పైగా ఇండియాలోనేనని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. వీధికుక్క కరిస్తే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన ఊళ్లలో అరవై ఏళ్లు బతికిన మనిషి ఆవిడ. అమెరికాలో కుక్కల రకం రేబిస్ లేదని 2007లోనే ప్రకటించారనీ, వాషింగ్టన్‌లో గబ్బిలాల్లో తప్ప అది కనబడదనీ మీకు తెలిసి ఉండొచ్చు. ఆ పాఠం చెప్పడానికి కొండ మలుపు చోటు కాదు. "అన్ని టీకాలూ వేయించామండీ" అనే మాట కంటే మీరు లీష్ పొట్టి చేయడం ఆవిడకి త్వరగా అర్థమవుతుంది. టీకా వేయించడం ఎలాగూ ఇక్కడ తప్పనిసరే. బయట ఎక్కడైనా కుక్క కరిస్తే, అది అంతకుముందు ఎవరినీ కరవలేదన్న వాదన వాషింగ్టన్ చట్టంలో చెల్లదు, నష్టానికి యజమానే బాధ్యుడు. ఇంటి ఇన్సూరెన్స్‌లో కుక్కకాటు కవర్ అవుతుందో లేదో ఒకసారి చూసుకోండి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు వాళ్లకీ నాలుగు మాటలు ముందే చెప్పాలి, కార్లో కూర్చున్నప్పుడే. కుక్క దగ్గరికొస్తే అరవొద్దు, పరిగెత్తొద్దు, చేతులు పైకెత్తొద్దు, కర్ర ఝళిపించొద్దు. పక్కకి తిరిగి నిలబడి, దాని కళ్లలోకి చూడకుండా ఉంటే చాలు. దూరంలో కుక్కని చూడగానే "ప్లీజ్ లీష్ యువర్ డాగ్" అని గట్టిగా అనమని నేర్పండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పిల్లలు మాత్రం యజమానిని అడగకుండా ఏ కుక్కనీ ముట్టుకోకూడదు, అది ఎంత బొచ్చుతో ముద్దుగా ఉన్నా సరే.

కుక్కకి కుక్క ఎదురైనా ఇదే వరస. మీది కలివిడిదే కావచ్చు, అవతలిది ఎక్కడో దెబ్బలు తిని షెల్టర్ నుంచి వచ్చినది కావచ్చు. రెండూ లీష్ మీద ఉండగా ముక్కు ముక్కు ఆనించి పరిచయాలు చేయించొద్దు. దాటిపోవడమే మేలు.

గుర్రాలు కూగర్ మౌంటెన్ వైపు ఎదురవుతాయి. గుర్రానికి అందరూ దారివ్వాల్సిందే. బాటకి కిందివైపుకి దిగి నిలబడండి, పైనుంచి మీద పడేదేదైనా దానికి వేటాడే జంతువులానే తోస్తుంది. కుక్కని దగ్గరగా పట్టుకుని, స్వారీ చేసేవాళ్లతో మామూలుగా మాట్లాడండి. మనిషి గొంతు వినబడితే గుర్రం బెదరదు. సైకిళ్లవాళ్లు మనకి దారివ్వాలన్నది రూలు. దిగుడులో వేగంగా వచ్చేవాడికి బ్రేకు పడేలోపు కుక్క బాటకి అడ్డంగా ఉండకుండా చూసుకోవడం మన పని. చెవుల్లో ఇయర్‌బడ్స్ ఉంటే గంట వినబడదు.

ఇక పూప్ బ్యాగ్ సంగతి. దీని మీద నాకు కొంచెం కోపం ఎక్కువే. కుక్క దొడ్డికి వెళ్లగానే సంచిలోకి ఎత్తడం వరకు అందరూ చేస్తారు. ఆ తర్వాత ఆ సంచిని ముడేసి, బాట పక్కన రాయి మీద పెట్టి, "వచ్చేటప్పుడు తీసుకుంటాం" అని వెళ్లిపోతారు. మౌంట్ సై ట్రెయిల్ మొదట్లో ఆకుపచ్చవీ, నీలంవీ, లావెండర్ వాసనవీ, అలా వరసగా కనిపిస్తాయి. సాయంత్రానికి కాళ్లు పీకుతుంటే ఏ రాయి దగ్గర పెట్టారో ఎవరికి గుర్తుంటుంది? ఎత్తకుండా వదిలేసినా కొన్నాళ్లకి మట్టిలో కలిసేదేమో, ప్లాస్టిక్‌లో కట్టి వదిలితే అదీ లేదు. బయోడిగ్రేడబుల్ అని రాసిన సంచి కూడా అడవిలో అంత తొందరగా కరగదు. ఆ పేరు చూసి వదిలేసి రావొద్దు.

"అడవిలో జింకలు వెళ్లట్లేదా" అని అడిగేవాళ్లున్నారు. జింక ఆ అడవిలోనే తిని ఆ అడవికే ఇస్తుంది. మన కుక్క తినేది దుకాణంలో కొన్న తిండి. పైగా దాని మలంలో ఉండే జియార్డియా క్రిములు, ఏలికపాములు లాంటివి వానకి కొట్టుకుపోయి వాగులో చేరతాయి. కుక్కల మలాన్ని నీటిని పాడుచేసే కాలుష్యాల్లో ఒకటిగా అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఎప్పుడో చేర్చింది. కాబట్టి సంచి మీతోనే రావాలి. వాసన బాధ అయితే, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి బ్యాగు బయటి జేబులో పెట్టుకోండి, అందులో కాస్త వంటసోడా వేస్తే ఇంకా నయం. ట్రెయిల్‌హెడ్ దగ్గరి గుంట మరుగుదొడ్డిలో సంచి పడేయొద్దు, అది ఖాళీ చేసే పంపుకి అడ్డం పడుతుంది. అక్కడ చెత్తబుట్ట లేకపోతే ఇంటికే.

ఎండ మాట. సియాటిల్‌లో ఎండేంటి అనుకునేవాళ్లకి 2021 జూన్ 28 గుర్తుండాలి, ఆ రోజు 108 డిగ్రీలు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి వగరుస్తూనే వేడి తగ్గించుకోవాలి. మీతో ఉండాలన్న ఆశతో అలసిపోయినా ఆగదు, ఆపాల్సింది మీరే. అర చేతిని తిప్పి వెనకవైపు నేల మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతుల్ని మధ్యాహ్నం అసలు తేవొద్దు. చిగుళ్లు ఎర్రబారి, చొంగ చిక్కగా కారుతూ, నడక తడబడుతుంటే వడదెబ్బే. వెంటనే నీడలోకి తీసుకెళ్లి ఒళ్లంతా నీళ్లు పోసి తడపండి, గాలి తగలనివ్వండి, ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి. తడి టవల్ కప్పి అలాగే వదిలేయొద్దు, కాసేపటికి అదే వేడెక్కుతుంది. నీళ్లు మీ వాటా కాక దానికి వేరుగా మోయాలి. ఆగస్టులో కార్చిచ్చు పొగ కమ్మితే, ఎయిర్ క్వాలిటీ సూచీ (AQI) 150 దాటిన రోజు ఇంట్లోనే ఉండండి.

రాటిల్‌స్నేక్ లెడ్జ్ మీదకి చేరాక లీష్ ఇంకా పొట్టిగా పట్టుకోండి. అక్కడ రాతి అంచు ఒక్కసారిగా తెగిపోతుంది, కుక్కకి ఆ లోతు తెలియదు. సెల్ఫీ తీసుకుంటూ లీష్ కాలి కింద తొక్కిపట్టడం జాగ్రత్త కిందికి రాదు. పాదం చీలి నడవలేకపోయిన డెబ్బై పౌన్ల కుక్కని భుజాన వేసుకుని మౌంట్ సై దిగడం ఎవరి తరమూ కాదు. మోసుకెళ్లే హార్నెస్ ఒకటి బ్యాగులో ఉంచండి. మరీ ఇరుక్కుపోతే, జంతువుల్ని కాపాడే వాసార్ట్ అనే వాలంటీర్ల బృందం ఈ రాష్ట్రంలో ఉంది. వాళ్ల నంబరు ముందే ఫోన్లో వేసుకోండి, కొండ మీద సిగ్నల్ ఉండి ఇంటర్నెట్ ఉండని చోట్లు చాలా ఉంటాయి.

సరస్సులో ఆకుపచ్చ తెట్టె కట్టి ఉంటే కుక్కని దిగనివ్వొద్దు, తాగనివ్వొద్దు. కొన్ని రకాల ఆ నాచు గంటల్లో ప్రాణం తీస్తుంది. ఇంటికి రాగానే చెవుల వెనక, చంకల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు, గడ్డి ముళ్లు ఉన్నాయేమో చూడండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇసాక్వా క్రీక్‌లోకి సాల్మన్ చేపలు ఎదురెక్కి వచ్చి, గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఒడ్డున పడి ఉన్న ఆ చేపని కుక్క ఒక్క ముక్క కొరికినా ప్రమాదమే. పచ్చి సాల్మన్‌లో ఉండే ఒక పరాన్నజీవి మోసుకొచ్చే బ్యాక్టీరియా కుక్కల ప్రాణం తీస్తుంది, వైద్యం అందకపోతే చాలా కుక్కలు బతకవు. తిన్నాక వారం రోజుల్లోపు వాంతులు, విరేచనాలు, జ్వరం మొదలవుతాయి. యాంటీబయాటిక్స్‌తో నయమయ్యే జబ్బే, కాకపోతే తొందరగా గుర్తించాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "చేప తిన్నదేమో, ఫలానా రోజు వాగు దగ్గరికి వెళ్లాం" అని వాళ్లు అడక్కముందే చెప్పండి.