మూడు సర్వర్లతో సొంత క్లౌడ్: ప్రాక్స్‌మాక్స్, సెఫ్

చిన్న ఆఫీసుకో, కాలేజీ ల్యాబుకో పెద్ద క్లౌడ్‌లు నడిపే ఓపెన్‌స్టాక్ సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లక్కర్లేదు. దాన్ని పెట్టడం ఒక ఎత్తు, అప్‌గ్రేడ్లు చేసుకుంటూ పోవడం మరో ఎత్తు. వర్చువల్ మెషీన్లు (వీఎమ్‌లు) నడిపే ప్రాక్స్‌మాక్స్ వీఈ, వాటి డేటాను సర్వర్లన్నిటి డిస్కుల్లో కాపీలుగా దాచే సెఫ్ చాలు. సర్వర్లు మాత్రం మూడుండాలి. సర్వర్‌కో ఓటు. రెండే ఉంటే, ఒకటి పడిపోగానే మిగిలినదానికి మెజారిటీ ఓటు ఉండదు; కొత్తగా ఏ వీఎమ్‌నీ స్టార్ట్ చేయనివ్వదు.

అసలు చిక్కంతా డిస్కుల లెక్కలో ఉంది. సెఫ్ డేటాను మూడు కాపీలుగా దాచే పద్ధతిలో ఒక్కో సర్వర్ మొత్తం డేటాకు ఒక కాపీ మోస్తుంది. సర్వర్‌కు 2 టీబీవి రెండు డిస్కులు పెట్టి, 2.5 టీబీ నింపారనుకోండి. ఒక డిస్కు పోయిన పది నిమిషాలకు సెఫ్ ఆ కాపీని అదే సర్వర్‌లోని రెండో డిస్కుకు ఎక్కించడం మొదలుపెడుతుంది. అది 2 టీబీయే, పట్టదు. 85 శాతం దగ్గర హెచ్చరిక వస్తుంది, 95 దగ్గర రాతలే ఆగిపోతాయి. అదే 4 టీబీని 1 టీబీవి నాలుగుగా కొంటే, ఒకటి పోయినా మూడు మిగులుతాయి, 2.5 టీబీ హెచ్చరిక గీత లోపలే సర్దుకుంటుంది.

కరెంటు పోయినా రాతలను కాపాడే పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్న ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలే కొనండి. రాసింది డిస్కులో భద్రంగా పడిందని తేలేదాకా సెఫ్ ఆగుతుంది, అక్కడే మామూలు ఎస్‌ఎస్‌డీలు నీరసిస్తాయి. డిస్కులను కలిపి ఒకటిగా చూపే రెయిడ్ కార్డు ఉంటే, సెఫ్‌కు అవి విడివిడిగా కనబడేలా హెచ్‌బీఏ మోడ్‌కు మార్చండి. వీఎమ్‌ల ర్యామ్ కాక, సెఫ్ డిస్కు ఒక్కోదానికి 4 జీబీ లెక్కేసుకోండి.

సెఫ్‌కు 10 గిగాబిట్ నెట్‌వర్క్, కోరోసింక్‌కు (సర్వర్లు ఒకదాన్నొకటి బతికే ఉందా అని చూసుకునే ప్రోగ్రామ్) విడిగా 1 గిగాబిట్ పోర్టు ఇవ్వండి. రెండూ ఒకే తీగ మీద నడిస్తే, డిస్కు రికవరీ రద్దీలో కోరోసింక్ ప్యాకెట్లు ఆలస్యమవుతాయి. హెచ్‌ఏ (సర్వర్ పడిపోతే దాని వీఎమ్‌లను వేరే సర్వర్‌లో లేపే ఏర్పాటు) పెట్టి ఉంటే, క్లస్టర్‌తో, అంటే మిగతా సర్వర్ల గుంపుతో, సంబంధం తెగిందనుకుని సర్వర్ నిమిషంలో తనంతట తానే రీబూట్ అవుతుంది. కారణం తెలియక జనం ర్యామ్ మార్చుకుంటూ కూర్చుంటారు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడే హోస్ట్‌నేమ్, ఐపీ ఖాయం చేసుకోండి. క్లస్టర్ కట్టాక మార్చడం నరకం. బ్రౌజర్లో సర్వర్ ఐపీ మీద 8006 పోర్టు తెరిచి, సబ్‌స్క్రిప్షన్ లేకపోతే, డబ్బు కట్టినవారికే అప్‌డేట్లిచ్చే ఎంటర్‌ప్రైజ్ రిపోజిటరీలు ఆపి నో-సబ్‌స్క్రిప్షన్‌వి చేర్చండి. లేదంటే అప్‌డేట్ 401 ఎర్రర్‌తో ఆగుతుంది. మొదటి సర్వర్‌లో క్లస్టర్ సృష్టించి మిగతా రెండింటినీ చేర్చండి. చేరేవాటిలో అప్పటికే వీఎమ్‌లు ఉండకూడదు. తర్వాత మూడింటిలోనూ సెఫ్, దాని స్థితిని కనిపెట్టే మానిటర్లు, ఆపైన డిస్కుకొకటి చొప్పున ఓఎస్‌డీలు పెట్టండి. పాత డిస్కు జాబితాలో కనబడకపోతే డిస్క్స్ మెనూలో వైప్ చేయండి. పూల్‌కు (వీఎమ్ డేటా ఉండే సెఫ్ స్థలం) సైజ్, అంటే కాపీల సంఖ్య, 3; మిన్ సైజ్, అంటే రాతలు సాగడానికి ఉండాల్సిన కనీస కాపీలు, 2. రెండోదాన్ని 1 చేయమనే సలహా వినొద్దు, డేటా పోయేది అక్కడే.

డెబియన్ లినక్స్ క్లౌడ్ ఇమేజ్‌తో క్లౌడ్-ఇనిట్ (కొత్త వీఎమ్‌కు పేరు, పాస్‌వర్డ్, ఐపీ పెట్టే సాధనం) టెంప్లేట్ ఒకటి చేసి, విభాగానికో రిసోర్స్ పూల్ (వీఎమ్‌ల గుంపు), దానికి తగ్గ అనుమతులు ఇస్తే ఎవరి వీఎమ్ వాళ్లే క్లోన్ చేసుకుంటారు.

వాడుకలో పెట్టేముందు ఒక సర్వర్ పవర్ కేబుల్ పీకేయండి. హెచ్‌ఏలో చేర్చిన వీఎమ్ సుమారు రెండు నిమిషాల్లో వేరే సర్వర్‌లో లేవాలి. లేవకపోతే ముందు దాని సీడీ డ్రైవ్ చూడండి: పాత సర్వర్ సొంత డిస్కులోని ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) ఇంకా తగిలించే ఉండొచ్చు, అది వేరే సర్వర్‌కు దొరకదు.