ఆరు చేల లెక్కకు ఉజ్జాయింపు వద్దు

అనంతపురం పల్లెల్లో ఆరు చేలు తీసుకుని, ఒక్కో చేనులో సగానికి జిప్సం వేసి, సగం వదిలేసి బుడ్డల (వేరుశనగ) దిగుబడి పోల్చారనుకుందాం. ఐదు చోట్ల జిప్సం వేసిన సగమే మేలు. ఆరో చేనులో తక్కువే, కానీ ఆ తేడా అన్నిటికన్నా చిన్నది. తేడాలకు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా 1 నుంచి 6 ర్యాంకులిచ్చి, తక్కువొచ్చిన చేల ర్యాంకులు కూడితే వచ్చేదే విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ విలువ; ఇక్కడ అది 1. పీ-విలువ అంటే జిప్సం ప్రభావమేమీ లేకపోయినా కనీసం ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే సంభావ్యత; అది 5 శాతం (0.05) కన్నా తక్కువైతే ప్రభావం ఉందని తీర్పు చెప్పడం రివాజు. గంట ఆకారపు నార్మల్ వక్రరేఖతో, సవరణ లేకుండా ఉజ్జాయింపు వేస్తే రెండు వైపుల పీ-విలువ 0.046 వస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు, అదే నా బాధ.

మాక్సిమా (బీజగణిత లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) తెరిచి (1+ఎక్స్)(1+ఎక్స్²)…(1+ఎక్స్⁶) అని రాసి ఎక్స్‌పాండ్ చేయండి. ఎక్స్ ఘాతం ర్యాంకుల మొత్తం, దాని గుణకం ఆ మొత్తం వచ్చే మార్గాల సంఖ్య. 0కి ఒకటి, 1కి ఒకటి. అవతలి కొసన 20, 21లకూ ఒక్కొక్కటే; రెండు వైపులా కలిపి 4, మొత్తం మార్గాలు 64. అసలు పీ-విలువ 0.0625! 5 శాతం గీత దాటిపోయింది, తీర్పే మారింది.

జతలు 20 ఉన్నా టెన్షన్ వద్దు. మార్గాలు 10,48,576 అయినా విస్తరణలో పదాలు 211 మాత్రమే.

రెండు తేడాలు సమానమై ర్యాంకు 2.5 లాగా వస్తే, ర్యాంకులన్నిటినీ రెట్టింపు చేసి ఘాతాలుగా పెట్టండి. ఇదే పద్ధతి పనిచేస్తుంది.