పాత కారు ఏసీ: కంప్రెసర్ నిజంగా పోయిందా, పోతే మార్చేదెలా?

రోహిణి కార్తె వచ్చిందంటే ఒంగోలులో, నెల్లూరులో ఏసీ షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. చల్లగాలి రావట్లేదంటే చాలు, 'కంప్రెసర్ పోయింది సార్' అనేస్తారు, అంటే గ్యాసును ఒత్తి తిప్పే పంపు పాడైందని. పదేళ్లు దాటిన బండిలో అది నిజమే కావచ్చు. కానీ తక్కువ ఖర్చుతో తేలిపోయే లోపాలు కూడా అచ్చం అలాగే కనిపిస్తాయి. ముందు వాటి సంగతి తేల్చుకోవాలి.

స్పీడులో చల్లగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి

కంప్రెసర్ జోలికి పోవద్దు. కండెన్సర్‌కి, అంటే బండి ముందు భాగంలో గ్యాసును చల్లార్చే జాలీకి, గాలి తగలట్లేదు. దాని ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. తిరక్కపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరసలో వెతకాలి. తిరుగుతుంటే కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుని ఉంటుంది. చీమకుర్తి క్వారీల దారిలో తిరిగే బండ్లకు రాతిపొడి చెమ్మకు తడిసి సిమెంటులా పట్టేస్తుంది, గాలి కొడితే పోదు. బంపర్ విప్పి, ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు ధారతో కడగాలి. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టారంటే రెక్కలు పడుకుంటాయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి రెక్కలు చేత్తో తాకితేనే రాలుతుంటాయి. అలాంటిదాన్ని కడిగి లాభం లేదు, మార్చాల్సిందే.

అరగంట బాగా వచ్చి ఆగిపోతుంది, కాసేపు ఆపి వేస్తే మళ్లీ వస్తుంది

గాలి జోరే తగ్గిపోతుంటే డాష్‌బోర్డు లోపలుండే కూలింగ్ కాయిల్ మీద ఐసు పడుతోంది. థర్మోస్టాట్, దాని సెన్సరు చూడాలి. గాలి జోరుగానే వస్తూ వేడెక్కుతుంటే అనుమానం కంప్రెసర్ క్లచ్ మీద. ఏసీ వేయగానే ముందున్న ప్లేటును అయస్కాంతంతో పుల్లీకి అతికించేది అదే. ఆగిపోయిన సమయంలోనే బానెట్ ఎత్తండి. పుల్లీ తిరుగుతూ ముందున్న ప్లేటు నిలబడి ఉంటే క్లచ్ కాయిల్ వైరు దగ్గర వోల్టేజి కొలవండి. 12 వోల్టులు వస్తున్నా ప్లేటు అతుక్కోలేదంటే ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు పెరిగిపోయి ఉండాలి, లేదా కాయిల్ పోయి ఉండాలి. ఫీలర్ గేజ్‌తో చూస్తే చాలా కంప్రెసర్లలో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగిన ప్లేటులో అది ఒక మిల్లీమీటరు దాకా పోతుంది. కాయిల్ వేడెక్కినకొద్దీ లాగే బలం తగ్గుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని, వేడెక్కాక వదిలేస్తుంది. నట్టు విప్పి ప్లేటు తీసి, వెనకున్న పల్చటి వాషర్లలో ఒకటి తీసేస్తే సందు తగ్గుతుంది. క్లచ్ కాయిల్ రెసిస్టెన్స్ సాధారణంగా 3 నుంచి 4 ఓమ్‌లు. అంతకన్నా బాగా తేడాగా ఉంటే కాయిల్ ఒక్కటీ మార్చుకోవచ్చు. ఇంత చిన్న పనికి కంప్రెసర్ మొత్తం మార్చేసే షెడ్లు లేకపోలేదు.

శబ్దం

ఏసీ ఆఫ్‌లో ఉన్నా గరగరమంటుంటే పుల్లీ బేరింగ్. ఏసీ వేసినప్పుడే టకటకమంటుంటే, మౌంటింగ్ బోల్టులు వదులైపోలేదని చూసుకున్నాక, లోపలి అరుగుదలే.

చల్లదనం రోజురోజుకీ తగ్గుతోంది

ఇక్కడ ప్రెషర్ గేజ్ పెట్టకుండా ఏమీ చెప్పకూడదు. లో సైడు (కంప్రెసర్‌లోకి గ్యాసు వచ్చే లావు పైపు), హై సైడు (బయటికి పోయే సన్న పైపు), రెండిటికీ గేజ్ పెడతారు. ఇంజన్ ఆపి చల్లారాక రెండు గేజ్‌లూ సమానంగా ఉండాలి. ఆర్134ఏ గ్యాసుకు 35 డిగ్రీల ఎండలో దాదాపు 114 పీఎస్ఐ. యాభై కూడా లేదంటే గ్యాసు కారిపోయింది, లీకు వెతకాలి. క్లచ్ చుట్టూ, దాని పైన బానెట్ లోపలివైపు నూనె చిమ్మిన మరక ఉంటే కంప్రెసర్ షాఫ్ట్ సీలు కారుతోంది.

గ్యాసు సరిపడా ఉండి, 38 డిగ్రీల ఎండలో, 1500 ఆర్పీఎం దగ్గర లో సైడు 40 నుంచి 55, హై సైడు 230 నుంచి 300 పీఎస్ఐ దాకా చూపిస్తే కంప్రెసర్ పనిచేస్తున్నట్టే. లో సైడు 70-80 దగ్గర నిలబడి, హై సైడు 150 దాటక, ఎక్సలరేటర్ తొక్కినా రెండూ పెద్దగా కదలకపోతే లోపల పిస్టన్లు గానీ వాల్వ్ ప్లేట్లు గానీ అరిగాయి. కూలింగ్ కాయిల్‌లోకి గ్యాసును కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయినా లో సైడు పెరుగుతుంది. తేడా పట్టుకోవడానికి లావు పైపు మీద చెయ్యి వేయండి. వాల్వ్ తప్పయితే ఆ పైపు కంప్రెసర్ దాకా చల్లగా, చెమట పట్టి ఉంటుంది. కంప్రెసర్ తప్పయితే ఆ చల్లదనం ఉండదు.

మార్చేటప్పుడు

గ్యాసును గాల్లోకి వదలకుండా మిషన్‌తో లాగించండి. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి, చర్మం మీద పడితే గడ్డకట్టించేస్తుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, బెల్టు వదులు చేసి, రెండు పైపులూ విప్పగానే వాటి మూతులు బిగించేయాలి. మన తీరపు గాలిలో చెమ్మ ఎక్కువ, సిస్టమ్ లోపలి నూనె ఆ చెమ్మను పీల్చేస్తుంది.

పాత కంప్రెసర్‌లోని నూనెను కొలత గ్లాసులోకి వంపండి. దీన్ని దాటేసే మెకానిక్‌ని నమ్మొద్దు. నూనె లేత పసుపులో శుభ్రంగా ఉంటే డ్రయర్ (చెమ్మను పీల్చే డబ్బా), ఓ-రింగులు (జాయింట్లలో ఉండే రబ్బరు రింగులు) మార్చి ముందుకు పోవచ్చు. నల్లగా ఉండి, తెల్లగుడ్డ మీద వేస్తే వెండిలా మెరిసే పొడి కనిపిస్తే ఆ పొడి సిస్టమ్ అంతా పాకినట్టే. అప్పుడు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కొత్తది వేయాలి. పైపులు, కూలింగ్ కాయిల్ ఫ్లషింగ్ లిక్విడ్‌తో కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టాలి. సన్నటి రంధ్రాల ప్యారలల్ ఫ్లో కండెన్సర్ ఎంత కడిగినా శుభ్రం కాదు, మార్చేయాలి. కండెన్సర్ దండగ అనుకుని వదిలేస్తే ఆ పొడే కొత్త కంప్రెసర్‌ని తినేస్తుంది. వేసిన కొన్ని నెలలకే కంప్రెసర్ పోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చాలా కొత్త కంప్రెసర్లలో సిస్టమ్ మొత్తానికి సరిపడా నూనె నింపి ఉంటుంది. శుభ్రంగా ఉన్న సిస్టమ్‌లో అలాగే బిగిస్తే నూనె ఎక్కువై చల్లదనం తగ్గుతుంది. కొత్తదాని నూనె కూడా వంపి, పాతదాంట్లోంచి వచ్చినంత, డ్రయర్ కోసం ఇంకో 10 మిల్లీలీటర్లు పోయండి. మొత్తం కడిగేసిన సిస్టమ్‌కైతే కంపెనీ చెప్పిన పూర్తి కొలత కావాలి. నూనెలో ప్యాగ్46, ప్యాగ్100 రకాలు ఒకటి కాదు. కంప్రెసర్ మీద లేబుల్ చూసి అదే వాడాలి, మూత తీసి నాళ్లయిన డబ్బాలోది వద్దు.

ఓ-రింగులకు అదే నూనె రాసి బిగించండి. డ్రయర్ మూతలు ఆఖర్న తీయాలి. క్లచ్ ప్లేటును చేత్తో పది చుట్లు తిప్పితే సిలిండర్లలో నిలిచిన నూనె బయటికి పోతుంది. రెగ్యులేటర్ పెట్టి 150 పీఎస్ఐ నైట్రోజన్ నింపి జాయింట్లకు సబ్బునురగ రాయండి. పంక్చర్ షాపు గాలి మాత్రం ఎక్కించొద్దు. తర్వాత కనీసం 45 నిమిషాలు వాక్యూమ్ లాగి, పంపు ఆపి 20 నిమిషాలు ముల్లు కదలకుండా ఉందా చూడాలి.

గ్యాసు తూకం మీదే ఎక్కించాలి. ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు హై సైడు వాల్వ్ తెరిస్తే ప్రెషర్ వెనక్కి తన్ని గ్యాసు డబ్బా పేలొచ్చు. లో సైడు నుంచే, డబ్బా నిటారుగా పెట్టి ఎక్కించండి. మొదటి ఐదు నిమిషాలు ఐడిల్‌లో నడిపి, ఏసీ స్విచ్ ఇరవైసార్లు ఆన్-ఆఫ్ చేస్తే కొత్త క్లచ్ ప్లేటు పుల్లీకి సర్దుకుంటుంది. లోపలి గాలే తిరిగేలా పెట్టి, బ్లోయర్ రెండో నంబర్లో, 1500 ఆర్పీఎం దగ్గర పది నిమిషాలయ్యాక మధ్య వెంట్‌లో థర్మామీటర్ 8 నుంచి 12 డిగ్రీలు చూపాలి. వారం తర్వాత జాయింట్ల దగ్గర నూనె మరకలున్నాయేమో టార్చి వేసి చూసి, కొత్త బెల్టు వేసి ఉంటే సాగి ఉంటుంది కాబట్టి ఇంకోసారి బిగించుకోండి.