వేలంలో కచేరీ టికెట్లు, 4వ పాఠం: ఆ శాతం దేని మీద?

ఈసారి వేలం ఎన్ని రోజులు పెట్టాలి, ఏ రోజు ముగించాలి అన్నది మొదలుపెడదామనుకున్నాను. కుదరలేదు. 3వ పాఠం చదివి ఈబేలో టికెట్లు అమ్మినవాళ్లలో చాలామందికి చేతికొచ్చిన డబ్బు లెక్కకు తగ్గింది. తప్పు నాదే. ఫైనల్ వాల్యూ ఫీజు, అంటే అమ్ముడయ్యాక ఈబే తీసుకునే వాటా, ఎంత శాతమో చెప్పాను కానీ, ఆ శాతం ఏ మొత్తం మీద పడుతుందో ఒక్క వాక్యంలో దాటేశాను. ఈ పాఠమంతా దాని గురించే.

డాలస్‌లో ఒక తెలుగు మ్యూజికల్ నైట్‌కి రెండు పేపర్ టికెట్లు కొన్న ఒక చెల్లెమ్మ లెక్క చూద్దాం. టికెట్ 100 డాలర్లు, కొన్నప్పుడే ఒక్కోదానికి సర్వీస్ ఫీజు 24, మొత్తం 248. సరిగ్గా ఆ వారమే పాపకి జ్వరం వచ్చి వెళ్లలేక వేలంలో పెట్టింది. ఆఖరి బిడ్ 260, షిప్పింగ్ 10. నేను చెప్పిన 13.6 శాతాన్ని 260 మీద వేసుకుని, 35.36 పోతుంది, షిప్పింగ్‌తో కలిపి 234.64 రావాలి అనుకుంది. వచ్చింది 229.85. "ఆ 4.79 ఎక్కడికి పోయింది అన్నా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే.

ఆ శాతం పడేది బిడ్ మీద కాదు, కొన్నవాళ్లు కట్టిన మొత్తం మీద. అంటే బిడ్, షిప్పింగ్, ఆ రెండిటి మీద పడిన సేల్స్ టాక్స్, అన్నీ కలిపి. ఇక్కడ బిడ్, షిప్పింగ్ కలిపి 270, దాని మీద 8.25 శాతం టాక్స్ 22.28, మొత్తం 292.28. అందులో 13.6 శాతం 39.75. దానికి ఆర్డర్‌కి ఇంతని తీసుకునే 40 సెంట్లు కలిపితే 40.15. 270లోంచి అది తీసేస్తే మిగిలేది 229.85. పోస్టేజీకి నిజంగా అయిన 9.50 కూడా పోగా 220.35. అంటే 248 పెట్టి కొన్న టికెట్ల మీద 27.65 నష్టం.

ఇందులో నాకు చిరాకు తెప్పించేది టాక్స్ సంగతి. ఆ 22.28 మన చేతికి రాదు. ఈబే కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసి నేరుగా రాష్ట్రానికి కడుతుంది. అయినా మన ఫీజు లెక్కలోకి వస్తుంది. అదే వేలంలో టాక్స్ పడకపోయి ఉంటే ఫీజు 37.12 మాత్రమే. మూడు డాలర్లే కదా అనిపిస్తుంది కానీ, ఎనిమిది జతలు అమ్మేవాళ్లకి అది ఒక టికెట్ సర్వీస్ ఫీజంత అవుతుంది. కచేరీ టికెట్ల మీద టాక్స్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అందుకని నేనైతే పడుతుందనే లెక్క వేసుకుంటాను. పడకపోతే ఆ నాలుగు రాళ్లు మిగులుతాయి.

కొంతమంది ప్రారంభ ధర తక్కువ పెట్టి షిప్పింగ్‌లో వేసేద్దామని చూస్తారు. దయచేసి వద్దు. షిప్పింగ్‌ని కూడా ఫీజులో కలపడం 2011లోనే మొదలైంది, ఆ దారి అప్పుడే మూసుకుపోయింది. శాతం కూడా స్థిరంగా ఉండదు. చాలా కేటగిరీలకు 13.25 ఉన్నది 2025 ఫిబ్రవరిలో 13.6 అయింది. కాబట్టి లిస్టింగ్ పెట్టేముందు ఆ రోజు ఎంత ఉందో చూసుకోండి.

మరి అసలు రావాలంటే ఎంత బిడ్ రావాలి? 248కి 14 శాతం కలిపేస్తే సరిపోదు, భాగించాలి. మనం పెట్టిన 248, పోస్టేజీ 9.50, ఆ 40 సెంట్లు కలిపితే 257.90. టాక్స్‌తో కలిపి ఫీజు అసలు భారం (13.6 × 1.0825) 14.722 శాతం, అంటే మన చేతిలో మిగిలేది 0.85278 వంతు. భాగిస్తే 302.42, అందులో షిప్పింగ్ 10 తీసేస్తే 292.42. ఆ చెల్లెమ్మకు కనీసం ఇంత బిడ్ రావాలి. నేను మాత్రం ప్రతిసారీ 0.85తో భాగించేస్తాను. ఒక డాలర్ ఎక్కువే చూపిస్తుంది, టెన్షన్ ఉండదు. ఫోన్‌లో ట్రాన్స్‌ఫర్ చేసే టికెట్లయితే షిప్పింగ్, పోస్టేజీ రెండూ సున్నా.

రిజర్వ్ ధర, అంటే ఇంతకు తక్కువైతే అమ్మను అని లోపల పెట్టుకునే ధర, నేను పెట్టను. టికెట్ అమ్ముడుపోకపోయినా దాని ఫీజు కట్టాలి. దానికి బదులు ప్రారంభ ధరే అసలుకు దగ్గరగా పెట్టండి. ప్రమోటెడ్ లిస్టింగ్ (మన టికెట్లు ఎక్కువమందికి కనిపించేలా ఈబేకి కట్టే ప్రకటన) శాతం కూడా టాక్స్‌తో కలిసిన మొత్తం మీదే పడుతుంది. ఆ చెల్లెమ్మ 5 శాతం ఒప్పుకుని ఉంటే ఇంకో 14.61 పోయేది. డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వాల్సి వస్తే శాతం ఫీజు తిరిగొస్తుంది కానీ 40 సెంట్లు రావు.

ధర ఎంత పెట్టాలో తెలియక పక్క సైట్లు చూస్తారు కదా, అక్కడ ఒక జాగ్రత్త. 2025 మే 12 నుంచి అమెరికాలో ఈవెంట్ టికెట్ల ధర చూపించేటప్పుడు తప్పనిసరి ఫీజులన్నీ కలిపే చూపించాలి, టాక్స్ మాత్రం విడిగా ఉండొచ్చు. అక్కడ 150 కనిపిస్తే అమ్మినవాళ్లకి 150 అందుతుందని కాదు.

అభ్యాసం ఒక్కటే, కాగితం మీదే చేయండి. ఫోన్ టికెట్లు రెండు, 310 పెట్టి కొన్నారు. టాక్స్ 8.25, ప్రమోటెడ్ 5 శాతం, మిగతావి పైన చెప్పినవే. అసలు రావడానికి ఎంత బిడ్ కావాలి? నాకు 388.65 వచ్చింది. మీకు 381 దగ్గర వస్తే టాక్స్ మర్చిపోయారు. 368 దగ్గర వస్తే టాక్స్ మర్చిపోవడమే కాదు, భాగించాల్సిన చోట కలిపేశారు కూడా. అలా వస్తే పైన చెల్లెమ్మ లెక్క మళ్లీ మొదటినుంచి చేయండి.